ముందు కళ్లం కట్టండి, గ్యాసిఫయర్ సంగతి తరువాత చూద్దాం

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలో, ఫిబ్రవరిలో చీకటి పడ్డాక రాజురా నుంచి బల్లార్షా వైపు బస్సులో వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో మంటలు కనిపిస్తాయి. పత్తి ఏరడం అయిపోయాక మిగిలిన కట్టెను పీకి, కుప్ప వేసి అంటిస్తారు. మా తెలుగు ఇళ్లల్లో పత్తి కట్టె అంటాం, మరాఠీ పొరుగువాళ్లు పర్హాటి అంటారు, కూలికి వచ్చే ఆడవాళ్లు రెండు మాటలూ వాడతారు. బస్సు వార్ధా నది వంతెన ఎక్కేసరికి ఒకవైపు ఆ మంటలు, ఇంకోవైపు దూరంగా బొగ్గు బాయి దీపాలు. ఒక ఇంధనం ఎవరికీ పట్టకుండా బూడిదవుతుంటుంది. రెండోదాని కోసం పగలూ రాత్రీ నేలను తవ్వుతుంటారు.

మా బాపు కరీంనగర్ జిల్లా నుంచి బాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ మంటలు చూసినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: "గింత కట్టె ఊకెనే కాలిపోవుడేంది? మా బొగ్గుల కలిపితే ఏం పోతది?" చదువు లేని మనిషి వేసిన ప్రశ్నే. కానీ నా ఇరవై ఏళ్ల మెకానిక్ బతుకంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయన అడిగింది సరైన ప్రశ్న అని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. దానికి మనవాళ్లు ఇస్తున్న జవాబే తప్పు.

ఈ వ్యాసం ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. కోర్పనా వైపు కొందరు పత్తి రైతులు కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నారు. నాకు తెలిసినవాళ్లే, సగం మంది తెలుగువాళ్లు. ఒక గ్యాసిఫయర్, అంటే కట్టె లాంటివాటిని మండే గ్యాస్‌గా మార్చే మిషన్, కొటేషన్ తెచ్చి చూపించారు. పత్తి కట్టె, కంది కట్టె, ఊక, బొగ్గు పొడి, చివరికి మున్సిపాలిటీ చెత్త కూడా కలిపి వేసుకోవచ్చని, అన్నీ గ్యాస్ అవుతాయని అందులో రాసి ఉంది. అమ్మకానికి వచ్చినాయన నోట మాటిమాటికీ వచ్చిన మాట, "ఏదైనా వేయొచ్చు." ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. పదిహేడేళ్ల కింద అదే మాట విని నేను ఒక పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చాను.

ఆ కథకు ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పాలి.

కిలో కట్టె పూర్తిగా కాలాలంటే సుమారు 6 కిలోల గాలి కావాలి. దానికి నాలుగో వంతో, మహా అయితే మూడో వంతో గాలి ఇచ్చి ఆపేస్తే కట్టె సగం కాలి, సగం ఉడికిపోతుంది. మొదట తడి ఆవిరవుతుంది. తరువాత 200 నుంచి 500 డిగ్రీల మధ్య కట్టె విరిగి పొగ, తారు, బొగ్గు అవుతుంది. గాలి తగిలే చోట 1000 డిగ్రీలు దాటిన నిప్పు ఉంటుంది. అక్కడ పుట్టిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి కణకణలాడే బొగ్గు మీదుగా పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోజన్‌గా మారతాయి. ఈ రెండూ మండే వాయువులు. గాలితో నడిపితే గ్యాస్‌లో దాదాపు సగం నైట్రోజనే ఉంటుంది కాబట్టి వేడి తక్కువ, ఘనపు మీటరుకు 1000 నుంచి 1200 కిలో కేలరీలు. దీన్ని ప్రొడ్యూసర్ గ్యాస్ అంటారు. గాలికి బదులు ఆక్సిజన్, ఆవిరి వాడితే నైట్రోజన్ పోయి అసలైన సింగ్యాస్ వస్తుంది. దాంతో యూరియా, మెథనాల్ చేసుకోవచ్చు. మన ఊరి స్థాయిలో అమ్మేవన్నీ మొదటి రకమే, కాగితం మీద ఏ పేరు రాసినా సరే.

ఇది కొత్త విద్య కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు బస్సులు నడిచాయని మన పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. బస్సు వెనుక కుంపటి లాంటి డబ్బా, దాని నుంచి ఇంజన్‌కు గొట్టం. ఆ బస్సుల్లో వేసింది కట్టెబొగ్గు అన్నది గుర్తుంచుకోవాలి. కట్టెను ముందే అడవిలో బట్టీ పెట్టి కాల్చి తారంతా వదిలించేసిన సరుకు అది. కష్టమైన పని బస్సు ఎక్కకముందే అయిపోయింది. బస్సు నడిచిందంటే సగం ఘనత ఆ బొగ్గు బట్టీది.

ఇక నా సంగతి. 2008లో మూల్ వైపు ఒక రైస్ మిల్లులో చేరాను. చంద్రపూర్ జిల్లాలో పడమర అంతా పత్తి, బొగ్గు. తూర్పుకు పోతే చెరువులు, వరి. మిల్లు సేఠ్ ఊకతో నడిచే గ్యాసిఫయర్ పెట్టించాడు. గ్యాస్‌ను నీళ్లతో కడిగి, రంపపు పొట్టు ఫిల్టర్ గుండా పంపి, డీజిల్ ఇంజన్‌కు ఇవ్వాలి. ఇంజన్ పూర్తిగా గ్యాస్ మీద నడవదు, అంటుకోవడానికి కొంచెం డీజిల్ పోతూనే ఉండాలి. అన్నీ బాగున్న రోజు డీజిల్ ఖర్చులో మూడింట రెండు వంతులు మిగిలేది. డిసెంబరు నుంచి మే దాకా అన్నీ బాగున్న రోజులే. పొద్దున ఫ్లేర్ (గ్యాస్‌ను అంటించి చూసే గొట్టం) దగ్గర మంట పెట్టి చూస్తే నీలంగా, పొగ లేకుండా మండేది. ఆ మంట చూస్తే నాకు కడుపు నిండినట్టు ఉండేది.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఊక కుప్ప మీద కప్పిన తాడిపత్రి గాలికి లేచిపోయింది. తడిసిన ఊక లోపలికి వెళ్తే నిప్పు వేడి ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. కిలో నీరు ఆవిరవడానికి 600 కిలో కేలరీలకు పైనే కావాలి. వేడి పడిపోతే తారు విరగదు, అలాగే గ్యాస్‌తో పాటు బయటికి వస్తుంది. నీలం మంట పసుపైంది, పసుపు మంటకు పొగ తోడైంది. ఇంజన్ తట్టుకునే తారు ఘనపు మీటరు గ్యాస్‌కు 100 మిల్లీగ్రాముల లోపు. మాకు ఎంత వచ్చిందో కొలిచే పరికరం లేదు కానీ వాల్వులు తీసి చూస్తే జిగురుగా నల్లటి పాకం. వారానికొకసారి ఇంజన్ హెడ్ దించి డీజిల్‌తో కడిగేవాళ్లం. తల స్నానం చేసినా నా జుట్టులోంచి ఆ వాసన పోయేది కాదు.

మిషన్ ఇచ్చినవాళ్ల తరఫున వచ్చిన టెక్నీషియన్ అప్పుడు ఆ మాట అన్నాడు. ఊకలో వేడి చాలట్లేదు, పత్తి కట్టె ముక్కలు, కొంచెం బొగ్గు కలపండి, ఏదైనా వేయొచ్చు. బాపు కోరిక తీరుతోందని నేనే సంబరపడి ఒక బండి బొగ్గు తెప్పించాను. వేడి నిజంగానే పెరిగింది, మూడు రోజులు ఇంజన్ పాట పాడినట్టు నడిచింది. నాలుగో రోజు కింది జల్లెడ దగ్గర బూడిద కరిగి రాయిలా గట్టిపడింది. మేం చిట్టెం అంటాం. ఊక బూడిదలో పదికి తొమ్మిది పాళ్లు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. పత్తి కట్టె బూడిదలో పొటాష్ ఎక్కువ. సిలికాకు పొటాష్ తోడైతే గాజులా తక్కువ వేడికే కరుగుతుంది. దానికి పైన బొగ్గు వేడి తోడైంది. ఇదంతా తరువాత తెలుసుకున్న సంగతి, ఆ రోజు నాకు తెలియదు.

దారి మూసుకుపోయిందని, సిరోంచా వైపు నుంచి వచ్చిన హెల్పర్ పిల్లవాడు, పంతొమ్మిదేళ్లవాడు, పై మూత తీసి గునపంతో పొడవడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు కాలేదు. "అన్నా, కళ్లు తిరుగుతున్నయ్" అన్నాడు, అక్కడే కూలబడ్డాడు. మేం ఇద్దరం ఊపిరి బిగబట్టి కాళ్లు పట్టి లాగాం. ఆ గ్యాస్‌లో అయిదో వంతు కార్బన్ మోనాక్సైడ్, అంటే పది లక్షల పాళ్లలో రెండు లక్షల పాళ్లు. గాలిలో 1600 పాళ్లు ఉంటే రెండు గంటల్లో మనిషి పోతాడు. రంగు లేదు, వాసన లేదు. తారు వాసన ఉంటుంది కాబట్టి గ్యాస్ ఉంటే తెలుస్తుందిలే అనుకుంటాం, కడిగిన గ్యాస్‌కు ఆ వాసన కూడా సగం పోతుంది. పిల్లవాడు ఆసుపత్రిలో రెండు రోజులుండి బతికి వచ్చాడు. రెండు వేల రూపాయల మీటరు ఒకటి గోడకు తగిలించి ఉంటే అది ముందే అరిచేది. కొనమని నేను గట్టిగా అడగలేదు. ఆ తప్పు నాది.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. గ్యాస్ కడిగిన నీళ్లు నల్లగా, ఫినాయిల్ లాంటి వాసనతో గుంటలో నిండేవి. వానకు గుంట పొంగి పక్క నాలాలో కలిసింది. ఆ తరువాత చాలా రోజులు బర్రెలు ఆ నాలా నీళ్లు ముట్టలేదు. పొలంలో పొగ రాకుండా చేస్తున్నామని చెప్పుకుంటూ ఆ పొగనే నీళ్లలో కలిపి వదిలాం.

ఇంత చెప్పాక, కలపడమే తప్పు అంటున్నానని అనుకోవద్దు. నా వాదన అది కాదు. కలపడానికి చాలా బలమైన కారణాలున్నాయి, అవి చంద్రపూర్‌కు సరిగ్గా సరిపోతాయి.

మొదటిది, మన బొగ్గు మొండిది. వార్ధా లోయ బొగ్గులో బూడిద ఎక్కువ, మూడో వంతు దాకా రావడం మామూలే. దాని బొగ్గు ముక్క గ్యాస్‌గా మారడానికి తాత్సారం చేస్తుంది. కట్టె బొగ్గు గుల్లగా ఉండి తొందరగా మారుతుంది. పైగా పత్తి కట్టెలోని పొటాష్, కాల్షియం పక్కనున్న బొగ్గును కూడా తొందరపెడతాయి. అయితే ఊకతో ఈ లాభం అంతగా రాదు. దానిలోని సిలికా పొటాష్‌ను పట్టేసుకుంటుంది. అందుకే "ఏదైనా" అన్న మాట తప్పు అంటున్నాను. పత్తి కట్టె వేరు, ఊక వేరు, కంది కట్టె వేరు.

రెండోది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. మన బొగ్గు బూడిదను అందరూ తిడతారు. కానీ ఆ బూడిదలో అల్యూమినా బాగా ఉంటుంది, అది పొటాష్‌ను పట్టుకుని కరగని పదార్థంగా మారుస్తుంది. ఇసుక పరుపు మీద గాలి ఊది నడిపే ఫ్లూయిడైజ్డ్ బెడ్ గ్యాసిఫయర్లు ఉంటాయి. వాటిలో వేడి 800 నుంచి 950 డిగ్రీల మధ్యే ఉంటుంది. అక్కడ ఒట్టి పత్తి కట్టె వేస్తే ఇసుక ముద్దలు కడుతుంది. మన బొగ్గు సరిపడా కలిస్తే ఆ ముద్దలు కట్టడం తగ్గుతుంది. మిల్లులో మాకు చిట్టెం కట్టింది కలిపినందుకు కాదు. ఊకకని చేసిన పొయ్యిలో, లెక్క లేకుండా, కొలత లేకుండా కలిపినందుకు.

మూడోది రుతువులు. పత్తి కట్టె దొరికేది జనవరి నుంచి మార్చి దాకా. మిగిలిన తొమ్మిది నెలలు పొయ్యి ఖాళీగా ఉండకూడదు, వానాకాలం మరీను. బొగ్గు మన ఇంటి పక్కనే ఉంది. కట్టె ఉన్నప్పుడు కట్టె ఎక్కువ, వానల్లో బొగ్గు ఎక్కువ వేసుకుంటూ పొయ్యి ఆగకుండా నడపవచ్చు. బొగ్గు ముట్టకూడదని వాదించే మిత్రులున్నారు, వాళ్లంటే గౌరవమే. కానీ ఒట్టి కట్టె మీద నడుస్తామని మొదలుపెట్టి, ఆగస్టులో చప్పుడు చేయకుండా బొగ్గు పోసుకునేవాళ్ల కంటే, ఇంత బొగ్గు వేస్తున్నాం అని బోర్డు రాసి పెట్టేవాళ్లు నయం అంటాను.

అలాగే బొగ్గు వేసినంత మేరా అది బొగ్గే. వందలో ఇరవై పాళ్లు కట్టె కలిపి మొత్తానికి ఆకుపచ్చ రంగు పూయడం రైతు పేరుతో చేసే మోసం. ఆ ఇరవై పాళ్ల లెక్క కూడా ఎలా చెప్తారో గమనించండి. 20 కిలోల ఊక, 80 కిలోల బొగ్గు అనుకుందాం. ఊక ఘనపు మీటరుకు 100 కిలోల బరువే తూగుతుంది, బొగ్గు 800 దాకా. అంటే బుట్టలతో కొలిస్తే బొగ్గు ఒక బుట్ట అయితే ఊక రెండు బుట్టలు. చూసేవాళ్లకు మూడింట రెండు వంతులు ఊకే అనిపిస్తుంది. వేడి లెక్కన చూస్తే ఊక నుంచి వచ్చేది ఆరో వంతు కూడా ఉండదు. బరువు, బుట్ట, వేడి, మూడు లెక్కలు మూడు మాటలు చెప్తాయి. ఎవరైనా శాతం చెప్తే ఏ లెక్కన అని అడగండి. బుట్టల తేడా ఇంకో చిక్కు కూడా తెస్తుంది. ఇంధనం పోసే హాపర్‌లో కలిపి పోస్తే బరువైన బొగ్గు కిందికి జారి, తేలికైన ఊక పైన ఉండిపోతుంది. పైన కలిపి పోశాం కదా అనుకుంటాం, లోపల గంటసేపు బొగ్గు, గంటసేపు ఊక పడుతుంటాయి. రెండింటినీ, తిరుగుతూ ఇంధనాన్ని లోపలికి నెట్టే వేరువేరు స్క్రూలతో పంపడమే దీనికి మందు.

పెద్దవాళ్లు చేసి చూపించలేదా అంటే చూపించారు. నెదర్లాండ్స్‌లో బుగ్గెనమ్ అనే చోట 253 మెగావాట్ల బొగ్గు గ్యాసిఫికేషన్ విద్యుత్ కేంద్రంలో బరువు లెక్కన 30 శాతం దాకా బయోమాస్ (కట్టె లాంటి జీవ పదార్థం) కలిపి నడిపారు. 2013లో ఖర్చు గిట్టక దాన్ని మూసేశారు. ఆ పొయ్యిలోకి వెళ్లేదంతా పొడిగా ఎండి, పిండిలా నలిగి ఉండాలి. ఆ ఎండబెట్టడం, నలగ్గొట్టడం అన్నదే ఒక పెద్ద కర్మాగారం. మన దేశంలో ఒడిశాలోని తాల్చేరు యూరియా కర్మాగారాన్ని బూడిద ఎక్కువున్న బొగ్గుకు పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గు లాంటి సరుకు) కలిపి వాడేలా రూపొందించారు. అక్కడ కూడా ఏది, ఎంత అన్నది ముందే తేల్చి మిషన్ గీశారు.

చిన్న స్థాయిలో నేను గౌరవించే ఉదాహరణ కర్ణాటకలోని హొసహళ్లి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు 1988లో ఆ చిన్న ఊళ్లో కట్టె గ్యాసిఫయర్ పెట్టి దీపాలు, నీళ్లు, పిండిమర నడిపించారు. దాని కోసం ఊరి పక్కనే చెట్లు పెంచారు. చెట్టు, కోత, ఎండబెట్టడం, ముక్కలు కొట్టడం, ఆ తరువాత మిషన్. నాకు నచ్చింది ఆ వరసే, అందులో మిషన్ చివరిది.

ఇక్కడికి నేను చెప్పదలుచుకున్న దానికి వచ్చాను. గ్యాసిఫయర్ బాగుపడటమో చెడిపోవటమో పొయ్యిలో తేలదు, కళ్లంలోనే తేలిపోతుంది. కట్టెను తెచ్చి, ముక్కలు కొట్టి, ఎండబెట్టి, తడవకుండా దాచే చోటు సంగతి అంటున్నాను. కొటేషన్‌లో మిషన్ గురించి పద్నాలుగు పేజీలున్నాయి, కళ్లం గురించి ఒక్క లైను ఉంది: "ఇంధనం కొనుగోలుదారు ఏర్పాటు చేసుకోవాలి."

ఆ ఒక్క లైను ఎంత పెద్దదో కోర్పనా రైతులతో కూర్చుని లెక్క వేశాం. గంటకు 500 కిలోల మిశ్రమం తినే చిన్న ప్లాంటు, అందులో 30 శాతం పత్తి కట్టె. గంటకు 150 కిలోలు, రోజుకు 3600 కిలోలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే వెయ్యి టన్నులకు పైన. ఎకరానికి టన్ను కట్టె వస్తుందనుకున్నా దాదాపు వెయ్యి ఎకరాల పంట కావాలి. మూడు నెలల్లో తెచ్చి మిగిలిన నెలలకు దాచాలంటే ఎనిమిది వందల టన్నుల దాకా కప్పు కింద ఉండాలి. ముక్కలు కొట్టి నాలుగు మీటర్ల ఎత్తున పేర్చినా, నిప్పు అంటుకుంటే ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు పాకకుండా మధ్యలో ఖాళీ వదిలితే ఎకరం స్థలం పడుతుంది. ముక్కలు కొట్టకుండా కట్టె అలాగే తెస్తే ట్రాలీ నిండా ఎత్తినా బరువు అయిదారు క్వింటాళ్లు దాటదు. డీజిల్ మిగిల్చడానికి పెట్టే ప్లాంటుకు ట్రాక్టర్ డీజిలే గుదిబండ అవుతుంది. అందుకే ముక్కలు కొట్టే మిషన్ చేను గట్టుకే వెళ్లాలి.

పురుగు మాట కూడా ఉంది. రైతు కట్టెను కాల్చేది బద్ధకంతో కాదు. ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది, దాన్ని చంపడానికే కాలుస్తాడు. కట్టెను అలాగే తెచ్చి మన కళ్లంలో జూన్ దాకా పేరిస్తే ఆ పురుగుకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. మళ్లీ వానలకు రెక్కల పురుగులు లేచి చుట్టుపక్కల పత్తి మీద పడతాయి. పీకిన వారంలోనే, కాయలతో సహా ముక్కలు కావాలి. ఇది రాసి సంతకాలు పెట్టించమని చెప్పాను.

తేమ సంగతి డబ్బు సంగతి. పచ్చిగా ఉన్న కట్టెలో 40 శాతం దాకా నీళ్లుంటాయి. గ్యాసిఫయర్‌కు 20 లోపు, వీలైతే 15 ఉండాలి. వంద కిలోలు కొని 15కు ఎండబెడితే చేతిలో మిగిలేది 70 కిలోలు. తూకం మీద ఒకే రేటు పెడితే తడిగా తెచ్చినవాడికి లాభం, ఎండబెట్టి తెచ్చిన నిజాయితీపరుడికి నష్టం. రెండేళ్లలో అందరూ తడే తెస్తారు. తేమ మీటరు పెట్టి, ఎండు బరువుకే డబ్బు ఇవ్వాలి. ఆ మీటరు రీడింగ్ రైతు కళ్ల ముందే చూపించాలి. చిమ్టాతో (పట్టకారు లాంటి పనిముట్టు) రోజంతా వంగి కట్టె పీకే ఆడవాళ్ల కూలి ఆ రేటులోకి రావాలి. ఇప్పుడు కాల్చేసేదానికి డబ్బు వస్తోంది కదా, అదే చాలు అనే మాట సమావేశంలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మార్చి ఎండలో చంద్రపూర్ నేల మీద నిలబడి చూడండి, ఆ పని విలువ తెలుస్తుంది.

ఈ పోటీ ఇంకా పెరుగుతుంది. థర్మల్ కేంద్రాలు బొగ్గుతో పాటు బయోమాస్ గుళికలు 5 శాతం కాల్చాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ విధానం తెచ్చింది, తరువాత అది 7 శాతం దాకా వెళ్లేలా పెట్టింది. మన చంద్రపూర్ థర్మల్ 2920 మెగావాట్లది. దానికి అయిదు శాతం అంటేనే ఈ జిల్లా కట్టె ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. ఇంకోవైపు 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసిఫై చేయాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది, 2024 జనవరిలో 8500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాలకు ఒప్పుకుంది. ఆ డబ్బంతా ఉక్కుతో చేసిన పెద్ద పాత్రలకే పోతే నాకు బాధ. అందులో ఒక పాలు తాలూకా స్థాయి కళ్లాలకు, ముక్కలు కొట్టే మిషన్లకు, తేమ మీటర్లకు రావాలి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కాలుష్య సూచీలో వందకు 83.88 స్కోరుతో మా చంద్రపూర్‌ను దేశంలోని అతి కలుషిత పారిశ్రామిక ప్రాంతాల్లో చేర్చింది. ఆ పొగ పీల్చినవాళ్లం అడిగే హక్కు ఉందనుకుంటాను.

గ్యాస్‌తో ఏం చేయాలన్నది కూడా కళ్లం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. కోర్పనా మిత్రులు కరెంటు తీసి అమ్ముదామనుకున్నారు. వద్దన్నాను. ఇంజన్‌కు ఇవ్వాలంటే గ్యాస్‌ను చల్లార్చాలి, కడగాలి, తారు తీయాలి, ఆ నల్లనీళ్లు ఎక్కడో పోయాలి. మిశ్రమం మారినప్పుడల్లా తారు మారుతుంది, ఇంజన్ ఓర్చుకోదు. అదే గ్యాస్‌ను చల్లార్చకుండా వేడివేడిగా పక్కనే ఉన్న బట్టీలోకో బాయిలర్‌లోకో పంపితే తారు కూడా మండే సరుకే, నీళ్లతో పని లేదు. ఈ జిల్లాలో వేడి కావలసిన పరిశ్రమలకు కొదవ లేదు. ఇటుక, సున్నం, ఇనుము, జిన్నింగ్ మిల్లుల పక్కన నూనె మిల్లులు. కరెంటు మాట వినడానికి గొప్పగా ఉంటుంది. వేడి అమ్మడం సాదాగా ఉంటుంది, కానీ అప్పు తీరేది దానితోనే.

ప్లాస్టిక్ విషయంలో నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయను. మున్సిపాలిటీ చెత్త కలిపితే టన్నుకు ఇంత ఇస్తారని ఆశ పెట్టారు. చెత్తలో పీవీసీ అనే ప్లాస్టిక్ ఉంటే దాని నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది, గొట్టాలు తినేస్తుంది, కాల్చాక డయాక్సిన్లనే విషాల భయం ఉంటుంది. అది శుభ్రం చేసే ఏర్పాట్లు ఊరి ప్లాంటుకు మించినవి. చెత్త దాకా ఎందుకు, చేను నుంచి వచ్చే కట్టెలోనే డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు, యూరియా సంచులు చుట్టుకుని వస్తాయి. కళ్లం గేటు దగ్గరే వాటిని ఏరేసే మనుషులు ఉండాలి, వాళ్లకు జీతం ఉండాలి.

కలపడానికి ఒక వెల కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఒట్టి పత్తి కట్టె బూడిదైతే పొటాష్ ఉన్న ఎరువు, మళ్లీ చేలో చల్లుకోవచ్చు. బొగ్గు బూడిద కలిసిన మరుక్షణం దాన్ని నిశ్చింతగా చేలో వేయలేం, బొగ్గు బూడిదలో ఉండే భార లోహాలు దానిలో చేరతాయి. అది ఇటుకలకో సిమెంటుకో పోవాలి. అంటే మనం కట్టెను అమ్మినప్పుడు చేను పొటాష్‌ను కూడా అమ్మేస్తున్నాం. ఆ లెక్క రేటులో కలపాలని, ఆకులు, చిన్న కొమ్మలు చేలోనే వదిలేయాలని రైతులకు చెప్పాను. ఒక ముసలాయన, వాళ్లంతా కాకా అని పిలుస్తారు, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా విని, "అయితే బస్తా పొటాష్ ధర కూడా కట్టె ధరల రాయిరి" అన్నాడు. రాశారు.

కొటేషన్ ఇచ్చినవాళ్లకు జవాబు వెళ్లింది. మిషన్ ఇప్పుడే కొనరు. ముందు ఒక ఏడాది కళ్లం నడుపుతారు, ముక్కలు అమ్ముతారు, ఎంత వస్తుంది, ఎంత తడుస్తుంది, ఎంత పోతుంది రాసిపెడతారు. ఆ పుస్తకం చూపించి, దీనికి సరిపడే పొయ్యి చేసి ఇవ్వగలరా అని అడుగుతారు. మొదటి మీటింగ్‌లోనే కార్బన్ మోనాక్సైడ్ మీటర్ల ధర రాయించాను, రెండు గోడకు, ఒకటి మనిషి జేబుకు.

పోయిన ఆదివారం చూడటానికి వెళ్లాను. ఊరి చివర రేకుల షెడ్డు లేచింది, పక్కలు ఇంకా తెరిచే ఉన్నాయి. మొదటి కుప్ప పీకి పన్నెండు రోజులైంది. నలుగురు ఆడవాళ్లు గేటు దగ్గర కూర్చుని కట్టె ముక్కల్లోంచి నల్ల పైపు ముక్కలు ఏరుతున్నారు. కుప్ప నడుమ చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. లోపల తడి ఉంటే కుప్ప దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు, తిరగేయమని చెప్పాను. తిరగేశాక మూడు చోట్ల తేమ మీటరు గుచ్చారు. అంచున 13, మధ్యలో 22, అడుగున 27. లెక్కలు రాసే పిల్ల ఒకతి పుస్తకంలో మూడూ రాసి, తేదీ వేసి, అడుగుకు గాలి తగలాలంటే కింద వెదురు తడికలు వేద్దామా అని నన్ను అడిగింది.